మొదటి రోజే వెతికితే ఆకాశరామన్న దొరుకుతాడు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డీజీపీలు ఇద్దరికీ,

నమస్కారం.

నేను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఈ ఉత్తరం మా చెల్లి గురించి. తనకు చదివి వినిపించాకే పంపుతున్నాను. ముందు జిరాక్స్ షాపు సంగతి చెప్తాను. ఎందుకంటే రాత్రిళ్లు మెలకువ వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్ కాదు, ఆ షాపే.

స్క్రీన్‌షాట్లు ఫోన్‌లో చూపిస్తే కుదరదన్నారు స్టేషన్ రైటర్ గారు. అన్నీ ప్రింట్ తీయించి, పిటిషన్‌కి జతచేసి తెమ్మన్నారు. వీధి చివర ఉన్న షాపుకి వెళ్లాం. అక్కడ కూర్చున్న అబ్బాయికి పట్టుమని ఇరవై ఏళ్లు ఉండవు. ఫైళ్లు వాట్సాప్ చేయమని నంబరు చెప్పాడు. మా చెల్లి తన ఫోన్ నా చేతిలో పెట్టి బయటికెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. నేనే పంపాను. మొత్తం 34. ఒక్కొక్కటీ ఆ మానిటర్ నిండా తెరుచుకుంటోంది, ఆ అబ్బాయి దాన్ని పేజీకి సరిచేస్తున్నాడు, ప్రింటర్‌లోంచి కాగితం మెల్లగా వస్తోంది. మా వెనక ఆధార్ కాపీల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. మా చెల్లి ముఖం, దానికి అతికించిన ఎవరిదో ఒళ్లు, కింద మా చెల్లి ఫోన్ నంబరు. ఆ అబ్బాయి మంచివాడు. నాలుగైదు కాగితాలయ్యాక ఏమీ అనకుండా మానిటర్‌ని గోడ వైపు తిప్పేశాడు. డబ్బులు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. చాట్‌లోంచి ఫైళ్లు తీసేయమంటే నా ముందే తీసేశాడు. ఆ కంప్యూటర్‌లో కాపీలు ఉండిపోయాయేమో అన్న ఆలోచన మాత్రం ఇంటికొచ్చాక వచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఉన్నాయి. తీయించాను.

ఆ ప్రింట్లు వాటంతట అవే కోర్టులో సాక్ష్యంగా నిలబడవని తర్వాత తెలిసింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మా చెల్లి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. మా ఊరు ఆంధ్రలో. నిరుడు ఒక రాత్రి పదకొండు దాటాక తనకి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. తెల్లారేసరికి 60కి పైగా మిస్డ్ కాల్స్. ఎత్తిన రెండు మూడు ఫోన్లలో విన్న మాటలు నాకు కూడా చెప్పలేదు. పొద్దున్న ఎవరో ఒకాయన, ఆయన కూడా ఫోన్ చేసినవాళ్లలో ఒకడే, “మీ పేరుతో అకౌంట్ నడుస్తోంది మేడమ్, చూసుకోండి” అని మెసేజ్ పెట్టాడు. అప్పుడు తెలిసింది. తన పేరు, తన ఫొటో, తను పనిచేసే చోటు, నంబరు, అన్నీ పెట్టి ఎవరో ఒక నకిలీ ఖాతా తెరిచారు. ఎవరో మాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆ రోజే స్టేషన్‌కి వెళ్లాం. ఆధార్‌లో అడ్రస్ చూసి “మీది ఆంధ్రా కదమ్మా, అక్కడ ఇవ్వండి” అన్నారు. రాత్రి బస్సుకి ఊరెళ్లాం. అక్కడ “అమ్మాయి ఉండేది హైదరాబాద్‌లో, ఫోన్లొచ్చింది హైదరాబాద్‌లో, మేమేం చేస్తాం” అన్నారు. మళ్లీ వెనక్కి వచ్చాం. ఏ పరిధిలో నేరం జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోందని, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారని అప్పటికి మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనగలిగేదాన్నా అంటే, అదీ చెప్పలేను. స్టేషన్‌లో బల్లకి ఇవతల నిలబడ్డప్పుడు గొంతు అంత తేలిగ్గా లేవదు.

ఈ తిరుగుళ్ల మధ్యలో మూడో రోజు ఆ ఖాతా మాయమైంది. మా చెల్లి స్నేహితులంతా కలిసి రిపోర్ట్ కొట్టారు. రిపోర్ట్ కొట్టమని చెప్పింది స్టేషన్‌లోనే. “ఫేక్ ఐడీ అమ్మా, ఎవడని వెతుకుతాం? నలుగురితో రిపోర్ట్ కొట్టించండి, పోతుంది. నంబరు మార్చేయండి.” మంచి మనసుతోనే అన్నారు, అందులో సందేహం లేదు. పోయింది కూడా. పన్నెండో రోజున కేసు కట్టారు. ఆ తర్వాత సీఐ గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన బందోబస్తుల్లో ఉన్నారు. ఆ ఖాతా ఉన్న సోషల్ మీడియా కంపెనీకి వివరాలు అడుగుతూ ఉత్తరం వెళ్లింది ఏడో నెలలో. మాకు జవాబు చెప్పింది ఒక కానిస్టేబుల్, ఫైలు తీసి చూసి, కుర్చీ చూపించి మరీ చెప్పాడు: ఆ ఖాతా తాలూకు రికార్డులు ఇప్పుడు అందుబాటులో లేవట.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఏడు నెలలు.

పేరు దాచుకుని ఒకర్ని అల్లరిపెట్టడం మనకి కొత్త కాదు. ఆకాశరామన్న ఉత్తరం అనే మాట మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. పెళ్లి సంబంధం చెడగొట్టడానికో, ఉద్యోగం ఊడగొట్టడానికో రాసిన సంతకం లేని కార్డుముక్క గురించి ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. చట్టానికీ కొత్త కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోనే 507వ సెక్షన్ ఉంది: పేరు లేకుండా, లేదా తన పేరూ ఉండే చోటూ తెలియకుండా జాగ్రత్తపడి బెదిరించినవాడికి, మామూలు బెదిరింపు శిక్షకి తోడు ఇంకో రెండేళ్లు. ఇంటర్నెట్టూ, ఫోనూ లేని కాలంలో రాసిన మాట అది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 351(4) అయింది. ముఖం దాచుకోవడాన్ని చట్టం అప్పుడే బరువు పెంచే విషయంగా చూసింది. మన స్టేషన్లలో మాత్రం ‘ఫేక్ ఐడీ’ అన్న మాట కేసుని తేలిక చేసే విషయంగా మారిపోయింది.

మిగతా సెక్షన్లు నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా ఈ ఉత్తరం చదివే ఆడపిల్లల కోసం రాస్తున్నాను. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం, నెట్‌లో ఏం చేస్తోందో కాపు కాయడం న్యాయ సంహిత 78 కింద నేరం. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. మాటతోనో సైగతోనో స్త్రీ మర్యాదకి భంగం కలిగిస్తే 79. ఇంకొకరి గుర్తింపుని దొంగిలించి వాడుకుంటే ఐటీ చట్టం 66సి, అసభ్యమైనవి పెడితే 67, లైంగిక చర్యలు చూపించేవైతే 67ఏ. వీటిలో 78, 79 స్త్రీల కోసం రాసినవి. బెదిరింపు, గుర్తింపు దొంగతనం సెక్షన్లు ఎవరికైనా వర్తిస్తాయి. మా కాలేజీలో ఇలాంటి వేధింపు పడి వారం రోజులు క్లాసుకి రాని మగపిల్లవాడు కూడా ఉన్నాడు. వాడు ఎవరికీ చెప్పుకోలేదు.

కాబట్టి చట్టం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దొరకడు అన్నా ఒప్పుకోను. దానికి రుజువుగా ఇరవై ఏళ్లు దాటిన ఒక కేసు ఉంది.

2004లో చెన్నైలో, భర్త నుంచి విడిపోయిన ఒకామె పేరుతో ఎవరో దొంగ ఈ-మెయిల్ ఖాతా తెరిచి, యాహూ గ్రూపులో ఆమె గురించి అసభ్యంగా రాసి, ఫోన్ నంబరు పెట్టారు. ఆమెకి ఫోన్లు మొదలయ్యాయి. అచ్చం మా చెల్లికి జరిగినట్టే. ఆమె ఫిబ్రవరిలో ఫిర్యాదు చేసింది. చెన్నై పోలీసులు కొద్ది రోజుల్లోనే ముంబయి వెళ్లి మనిషిని పట్టుకున్నారు. కుటుంబానికి తెలిసినవాడే, ఆమెని పెళ్లి చేసుకోవాలనుకున్నవాడే. మార్చిలో ఛార్జిషీటు వేశారు. సైబర్ కెఫే యజమానుల చేత సాక్ష్యం చెప్పించారు. నవంబరు 5న ఎగ్మోర్ కోర్టు శిక్ష వేసింది. ఐటీ చట్టం 67 కింద మన దేశంలో తొలి శిక్షగా దాన్ని చెప్తారు. ఫిర్యాదు నుంచి తీర్పు దాకా ఏడాది కూడా పట్టలేదు.

అప్పట్లో వాడు వాడింది సైబర్ కెఫే. నిమిషాల లెక్కన డబ్బు కట్టి, పేరు చెప్పకుండా లేచి వెళ్లిపోయే చోటు. ఇప్పుడు ప్రతి వేధింపూ ఎవరో ఒకరి జేబులో ఉన్న ఫోన్ నుంచి, ఎవరో ఒకరి పేరు మీద ఉన్న సిమ్ నుంచి, రీఛార్జ్ చేసిన డేటాతో జరుగుతోంది. అప్పుడు దొరికినవాడు ఇప్పుడు ఎందుకు దొరకడు?

సంవత్సరం పాటు తెలిసినవాళ్లని అడిగి, చదివి నేను తెలుసుకున్నది ఇదీ. ముసుగు వెనక ఉన్నవాడిని కనుక్కోవడం మామూలుగా రెండు ఉత్తరాల పని. మొదటిది కంపెనీకి. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరో మెయిలో, లాగిన్ అయిన ఐపీ చిరునామాలు (ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చూపించే అంకెలు), వాటి సమయాలు ఇవ్వమని. రెండోది టెలికాం కంపెనీకి. ఆ సమయంలో ఆ ఐపీ ఎవరి కనెక్షన్‌కి ఇచ్చారో చెప్పమని. 2021 ఐటీ నియమాల ప్రకారం అధికారం ఉన్న దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే కంపెనీ 72 గంటల్లోపు వివరాలు ఇవ్వాలి. ఎవరైనా ఖాతా మూసేసుకున్నా, రిజిస్ట్రేషన్ వివరాలు ఆ తర్వాత 180 రోజులు దాచి ఉంచాలి. ఇక్కడే ఉంది అసలు సంగతి. 180 రోజులు. మా చెల్లి కేసులో మూడో రోజే గడియారం మొదలైంది, ఉత్తరం ఏడో నెలలో వెళ్లింది. ముసుగు వేసుకున్నవాడు తెలివైనవాడు కాకపోయినా సరిపోయింది. మనమే వాడికి కావలసినంత సమయం ఇచ్చాం.

వివరాలు అప్పుడే అడగలేకపోయినా, కనీసం ఉన్నవి చెరపకుండా ఉంచమని అడగడానికి ఒక దారి ఉంది. పెద్ద కంపెనీలు పోలీసుల కోసమే ఆన్‌లైన్‌లో విడిగా ఏర్పాటు చేశాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా అయితే, దర్యాప్తు అధికారి కోరితే, అసలు ఆర్డరు వచ్చేలోపు ఖాతా రికార్డులని 90 రోజులు భద్రపరుస్తామని తన మార్గదర్శకాల్లోనే రాసుకుంది. దీనికి పెద్ద ఫోరెన్సిక్ ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఈ-మెయిల్, ఖాతా లింకు, కేసు వివరం. పావుగంట పని.

మీరు దీన్ని చేయగలరని నాకు నమ్మకం ఎందుకంటే, డబ్బు విషయంలో ఇప్పటికే చేస్తున్నారు. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని బస్టాండుల్లో, బ్యాంకుల్లో బోర్డులు పెట్టారు. గోల్డెన్ అవర్ అని మీ అధికారులే మా కాలేజీకి వచ్చి పిల్లలకి చెప్పారు. ఆ గంటలో ఫోన్ చేస్తే డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో చూసి అక్కడే ఆపే పద్ధతి ఉంది. ఫోన్ ఎత్తినవాళ్లు “ఎవడో మోసగాడు, ఎక్కడని వెతుకుతాం, బ్యాంకు మార్చుకో” అనరు. ముందు ఆపుతారు, తర్వాత దర్యాప్తు. ఆడపిల్ల ఫొటో విషయంలోనూ నేను అడిగేది ఆ వరసే. ముందు రికార్డు ఆపండి.

సీఐ గారు ఖాళీగా లేరన్నది చిన్న కారణం కాదు, నాకు తెలుసు. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది నేరాలని ఇన్‌స్పెక్టర్‌కి తక్కువ హోదా ఉన్నవాళ్లు దర్యాప్తు చేయకూడదు. ఎస్సై గారు ఫిర్యాదు చదివి, అందులో ఐటీ సెక్షన్ కనబడగానే పక్కన పెడుతున్నారంటే దానికి ఇది కారణం. ఆ ఇన్‌స్పెక్టర్ మీదే వీఐపీ పర్యటనలు, పండగ బందోబస్తులు, హత్య కేసులు అన్నీ పడతాయి. ఈ హోదా నియమం మార్చమని కేంద్రాన్ని అడగాల్సింది మీరే. కానీ అది మారేదాకా ఆగనక్కర్లేదు. వెంటపడటం, బెదిరింపు, మర్యాదకి భంగం లాంటివి న్యాయ సంహిత సెక్షన్లు, వాటికి ఆ హోదా నియమం లేదు. స్టేషన్ బాధ్యతలో ఉన్న అధికారి ఎవరైనా నాగరిక్ సురక్షా సంహిత 94 కింద కావలసిన రికార్డు తెమ్మని కంపెనీని అడగొచ్చు. ఈ ఒక్క సంగతి ప్రతి స్టేషన్‌కీ ఒక సర్క్యులర్‌గా వెళ్తే ఎన్నో కేసులు ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ముగ్గిపోకుండా ఉంటాయి.

ఇంకొక చిన్న విషయం, కానీ దీనివల్ల ఏ పాపం ఎరగనివాడు లాకప్‌లోకి వెళ్లొచ్చు. కంపెనీలు ఇచ్చే లాగిన్ సమయాలు సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే సమయంలో ఉంటాయి. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. 14వ తేదీ రాత్రి 20:10 అని కాగితంలో ఉంటే అది మనకి 15వ తేదీ తెల్లవారుజామున 1:40. ఆ లెక్క తప్పితే వేరే ఇల్లు చూపిస్తుంది. మొబైల్ డేటాలో అయితే ఒకే ఐపీ చిరునామాని ఒకే సమయంలో ఎంతోమంది పంచుకుంటారు. సెకన్లతో సహా సమయం, దాంతో పాటు పోర్టు నంబరు (ఒకే ఐపీ పంచుకున్నవాళ్లని వేరుచేసే అంకె) కూడా ఉంటే తప్ప అందులో ఎవరన్నది తేలదు. మీరు పంపే ఉత్తరంలో పోర్టు నంబరు అడగడం మర్చిపోతే మళ్లీ ఇంకో ఉత్తరం, ఇంకో నెల. స్టేషన్‌కి ఇద్దరికి, వాళ్లలో ఒకరు మహిళా కానిస్టేబుల్ అయితే మేలు, ఈ పని చేతితో చేయించి నేర్పండి. క్లాసులో చెప్పి వదిలేయొద్దు. పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి చెప్తున్నాను, చెప్పింది వేరు, చేయించింది వేరు.

ఇప్పుడు ప్రింట్ల సంగతి. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది. అది ఫైలుకి ఉంటుంది, జిరాక్స్ కాగితానికి ఉండదు. అంటే కేసుకి కావలసింది మా చెల్లి ఫోన్‌లో ఉన్న అసలు ఫైళ్లు, ఆ ఖాతా లింకు, చూసిన తేదీ, సమయం. మేం తెచ్చింది జిరాక్స్ షాపులో నలుగురి ముందు తీయించిన 34 కాగితాలు. లింకు ఏదని అడిగేటప్పటికి ఖాతా పోయింది. యూజర్‌నేమ్ రాసుకున్నాం గానీ అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేసుకోవచ్చట. ఆ 34 కాగితాలు ఇప్పుడు ఏ అరలో ఉన్నాయో, ఎంతమంది తిరగేశారో ఆలోచిస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

దయచేసి ప్రింట్లు తెమ్మనడం ఆపించండి. ఫైళ్లు స్టేషన్‌లోనే ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అక్కడే సీలు వేయొచ్చు. నలుగురూ తిరిగే రిసెప్షన్‌లో కాకుండా ఒక గదిలో, వీలైతే మహిళా సిబ్బంది ముందు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లకి వరస చెప్పండి: ముందు లింకు, స్క్రీన్ రికార్డింగ్, పోలీసులు కంపెనీకి భద్రపరచమని రాయడం, ఆ తర్వాతే రిపోర్ట్. ఇవన్నీ ఒకే గంటలో అయ్యే పనులు. ఫొటో ఒక్క గంట ఎక్కువ ఉండటం కూడా ఆ పిల్లకి నరకమే, నాకు తెలుసు, అందుకే గంట అంటున్నాను, పన్నెండు రోజులు కాదు. మార్ఫింగ్ ఫొటోలు, నకిలీ వేషాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని 2021 నియమాలు వచ్చినప్పుడే పెట్టారు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సేవ 2021 చివర్లో మొదలైంది. ఫొటో మన ఫోన్ దాటి బయటికి పోకుండానే దాని హ్యాష్‌ని మాత్రం కంపెనీలకి పంపి, మళ్లీ ఎక్కకుండా ఆపుతుంది. ఈ రెండు మాటలూ మాకు స్టేషన్‌లో ఎవరూ చెప్పలేదు. గోడ మీద ఒక కాగితం అంటించి ఉన్నా చదువుకునేవాళ్లం.

ఈ బాధలో కొంతమంది కొత్త చట్టం కావాలంటున్నారు. నేను వద్దంటాను. ఐటీ చట్టంలోని 66ఏ కథ మనకి తెలుసు. చిరాకు కలిగించడం, ఇబ్బంది కలిగించడం లాంటి మాటలతో రాసిన సెక్షన్ అది, 2009లో అమల్లోకి వచ్చింది. 2012లో ముంబయి బంద్ మీద ఒక పోస్టు పెట్టిన అమ్మాయిని, దాన్ని లైక్ చేసిన ఇంకో అమ్మాయిని పాల్‌ఘర్‌లో అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేశాక కూడా దేశంలో స్టేషన్లు ఆ సెక్షన్ కింద కేసులు కడుతూనే ఉన్నాయి. 2021లో సుప్రీంకోర్టు ఇది విని దిగ్భ్రాంతి చెందింది. 2022 అక్టోబరులో, ఇక దాని కింద ఎవర్నీ విచారించకూడదని మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. కేరళ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ దూషణల్ని ఆపుతామంటూ 118ఏ పేరుతో ఆర్డినెన్స్ తెచ్చి, వారం తిరగకుండా వెనక్కి తీసుకుంది. ఏ మాటకి శిక్షో తెలియని చట్టం వస్తే ముందు పట్టుబడేది మా చెల్లిని వేధించినవాడు కాదు. ఊళ్లో మంచినీళ్లు రావట్లేదని పోస్టు పెట్టినవాడు.

ఈ మాట అనాల్సి వస్తోంది, క్షమించండి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, పెద్దవాళ్ల మీద పోస్టు పెట్టినవాడు పేరు లేకుండా పెట్టినా సరే ఎంత తొందరగా దొరుకుతాడో రెండు రాష్ట్రాల్లోనూ జనం చూస్తూనే ఉన్నారు. ఆ తొందర చూసినప్పుడల్లా మా చెల్లి నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంది: “నాది మాత్రం ఫేక్ ఐడీ ఎలా అయిందక్కా?” నా దగ్గర జవాబు లేదు.

అందరి ఖాతాలకీ ఆధార్ ముడిపెట్టేస్తే పోలా అని మా స్టాఫ్ రూమ్‌లో కూడా అన్నారు. దక్షిణ కొరియా 2007లో అలాంటిదే చేసింది. పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే అసలు గుర్తింపు చూపించాలన్నారు. 2011లో అక్కడ ఒక పెద్ద సైటు నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2012 ఆగస్టులో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టేసింది. పేరు దాచుకోవలసిన అవసరం వేధించేవాడి కన్నా వేధింపు పడేవాళ్లకే ఎక్కువ. కొట్టే భర్త గురించి సలహా అడగాలనుకున్న ఆడమనిషి, ఆఫీసులో లంచం గురించి చెప్పాలనుకున్న గుమాస్తా, వీళ్లకి ఆ చాటు కావాలి. ఈ లేఖ కింద నేనూ పేరు పెట్టడం లేదు. పెడితే మా చెల్లి ఎవరో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మీ ఇద్దరి కార్యాలయాలకి పంపిన కాపీల్లో మాత్రం పేరు, అడ్రసు, ఎఫ్ఐఆర్ నంబరు అన్నీ ఉన్నాయి. అందరికీ కనబడకుండా ఉండటం, అవసరమైనప్పుడు చట్టానికి దొరకడం, రెండూ కలిసి ఉండగలవు. నేరం చేసినవాడి ముసుగు, ఫిర్యాదు ఉన్నచోట, పద్ధతి ప్రకారం తీస్తే చాలు.

తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. ఆంధ్రలో 2020లో దిశ యాప్ వచ్చింది. ఇవి పనిచేసిన సందర్భాలు నాకు తెలుసు, మా విద్యార్థిని ఒకమ్మాయికి షీ టీమ్ చేసిన సాయం నేను మర్చిపోను. కానీ ఆపద అంటే బటన్ నొక్కితే బండి రావాల్సినదే అన్నట్టు ఆ యాప్ తయారైంది. రాత్రి మూడు గంటలకి మంచం మీద కూర్చుని, ఫోన్ మోగుతుంటే దాన్ని దిండు కింద పెట్టి నొక్కిపట్టుకున్న పిల్లకి బండి వచ్చి చేసేదేముంది? తనకి కావలసింది ఆ రాత్రే ఆ లింకు తీసుకుని, ఒక నంబరు ఇచ్చి, “రికార్డు ఆపమని రాశాం” అని తిరిగి చెప్పే మనిషి.

తిరిగి చెప్పడం గురించి ఇంకొక్క మాట. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకి 90 రోజుల్లోపు తెలియజేయాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. మాకు ఏ కాగితమూ రాలేదు. కేసు మూసేశారో, నడుస్తోందో ఇవాళ్టికీ తెలియదు. మా చెల్లి నంబరు మార్చుకుంది. బ్యాంకులో, ఆఫీసులో, గ్యాస్ కనెక్షన్‌లో అన్నిచోట్లా మార్చుకుంటూ వచ్చింది. పాత సిమ్ మాత్రం నా పాత ఫోన్‌లో వేసి బీరువాలో పెట్టాం. దర్యాప్తులో ఆ నంబరు అవసరం పడొచ్చు, డెడ్ అవ్వనివ్వకండి అని మొదట్లో ఎవరో అన్నారు. అప్పటి నుంచి నెలనెలా రీఛార్జ్ చేస్తున్నాను. ఆ ఫోన్ ఆన్ చేసినప్పుడు ఇప్పటికీ అప్పుడో ఇప్పుడో మిస్డ్ కాల్స్ కనిపిస్తాయి. అది ఇంకా అవసరమో కాదో ఎవరైనా ఒక మాట చెప్తే ఆపేస్తాం.

ఇట్లు,
ఆ పిల్ల అక్క